బీ760 బోర్డు మీద 14600కె ఓవర్‌క్లాక్ అవుతుందా? ఏసీ లేని గదికి ఏ ప్రాసెసర్ నయం?

మౌలాలి_7:
అన్నలూ, కొత్త డెస్క్‌టాప్ కట్టిస్తున్నా. ప్రాసెసర్, బోర్డు, కూలర్ మూడూ కలిపి 50 వేలు దాటకూడదు. పగలు వీడియో ఎడిటింగ్, రాత్రి గేమ్స్. ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడు కంటే ఎక్కువగా నడపడం) కూడా నేర్చుకోవాలని ఉంది. సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) ఒక షాపువాళ్లు ఐ5-14600కె, బీ760 బోర్డు, సింగిల్ ఫ్యాన్ టవర్ కూలర్ అని కొటేషన్ రాసిచ్చారు. "చివర కె ఉందిగా, ఓవర్‌క్లాక్ అయిపోతుంది" అంటున్నారు. ఇంకో షాపులో రైజెన్ 5 7600ఎక్స్, బీ650 బోర్డు చెప్పారు. గదిలో ఏసీ లేదు. మేలో మధ్యాహ్నం లోపల 38 డిగ్రీలు ఉంటుంది. ఏది తీసుకోమంటారు?

వీఆర్ఎం_వేడి:
ఆ మొదటి కొటేషన్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి. కె అంటే మల్టిప్లయర్‌కి (కోర్ స్పీడుని నిర్ణయించే గుణకం) తాళం లేదని. కానీ ఆ మల్టిప్లయర్ మార్చే వీలు జెడ్ సిరీస్ చిప్‌సెట్ (బోర్డు మీది కంట్రోల్ చిప్) ఉన్న బోర్డుల్లోనే ఉంటుంది: జెడ్690, జెడ్790. బీ760లో ర్యామ్ స్పీడు పెంచుకోవచ్చు, పవర్ లిమిట్ పెంచుకోవచ్చు, కోర్ మల్టిప్లయర్ మాత్రం పెరగదు. అంటే కె కోసం కట్టిన అదనపు డబ్బుతో మీరు అనుకున్న పని జరగదు. ఏఎండీలో బీ650కి ఈ ఇబ్బంది లేదు. ఏ620 అంటే మాత్రం వద్దనండి, దాంట్లో సీపీయూ ఓవర్‌క్లాకింగ్ లేదు.

ఇక వేడి. కూలర్ ఏదైనా గది గాలి కంటే చల్లబరచలేదు. 25 డిగ్రీల గదిలో ఒక కూలర్ 150 వాట్లకి ప్రాసెసర్‌ని 95 దగ్గర ఆపుతోందనుకోండి, తేడా 70 డిగ్రీలు. గది 38 అయితే మిగిలేది 57. అదే కూలర్ ఇప్పుడు మోయగలిగేది దాదాపు 122 వాట్లే. 14600కె ఫుల్ లోడ్‌లో ఏమీ ముట్టుకోకుండానే 181 వాట్ల దాకా లాగుతుంది. గ్రాఫిక్స్ కార్డు వేడితో కేబినెట్ లోపలి గాలి గది కంటే ఇంకో నాలుగైదు డిగ్రీలు ఎక్కువే ఉంటుంది, అది వేరే లెక్క.

పైగా వాట్లు స్పీడుతోనూ, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతాయి. 5.0 గిగాహెర్ట్జ్ నుంచి 5.2కి వెళ్లడానికి 1.25 వోల్టుల్ని 1.35 చేయాల్సి వస్తే, స్పీడు పెరిగింది 4 శాతం, కరెంటు ఖర్చు 21 శాతం. మన ఊళ్లో ఆ బేరం గిట్టదు.

కర్వ్_రాజా:
పైన చెప్పింది కరెక్ట్. నా ఓటు 7600ఎక్స్‌కి, బోర్డులో వీఆర్ఎం (ప్రాసెసర్‌కి కరెంటు సరిచేసి ఇచ్చే భాగం) మీద మంచి హీట్‌సింక్ ఉండాలన్నదొక్కటే షరతు. దాంట్లో పాత పద్ధతిలో అన్ని కోర్లకీ ఒకే స్పీడు బిగించొద్దు, సింగిల్ కోర్ బూస్ట్ (ఒక్క కోరే పనిచేసేటప్పుడు తనంతట తాను పెరిగే స్పీడు) పోతుంది. పీబీఓ (ఏఎండీలో బూస్ట్‌ని ఆటోమేటిక్‌గా పెంచే సెట్టింగ్), దాంట్లోని కర్వ్ ఆప్టిమైజర్ (కోర్ల వోల్టేజీ తగ్గించే సెట్టింగ్) వాడండి. ఇది వోల్టేజీ తగ్గించి స్పీడు తెచ్చుకునే దారి, ఎండాకాలానికి అతికినట్టు సరిపోతుంది.

ముందు ర్యామ్. డీడీఆర్5-6000 సీఎల్30 కిట్ వేసి ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడుకి తెచ్చే సెట్టింగ్) ఆన్ చేయండి. మొదటిసారి స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది. అది మెమరీ ట్రైనింగ్, బోర్డు పోయిందని పవర్ లాగేయకండి. ఎస్ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానిది) 1.3 వోల్టులు దాటలేదని చూసుకోండి. 2023లో కొన్ని ఏఎం5 (7600ఎక్స్ కూర్చునే సాకెట్) ప్రాసెసర్లు కాలిపోయాక ఏఎండీ పెట్టిన హద్దు అది. మెమ్‌టెస్ట్ (ర్యామ్ పరీక్ష) పాసయ్యాకే సీపీయూ జోలికి వెళ్లండి. లేదంటే క్రాష్ అయినప్పుడు తప్పు ర్యామ్‌దా, కోర్‌దా అన్నది తేలదు.

తర్వాత బయాస్‌లో (బోర్డు సెట్టింగ్స్ స్క్రీన్) పీబీఓ అడ్వాన్స్‌డ్, థర్మల్ లిమిట్ 85, కర్వ్ ఆప్టిమైజర్ ఆల్ కోర్ నెగటివ్ 10. ఒక్కో అంకె అంటే సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. నిలబడితే 15, 20. ఇక్కడే చాలామంది మోసపోతారు: సినీబెంచ్ (అన్ని కోర్లనీ ఒత్తే టెస్ట్) పాసవుతుంది, మర్నాడు బ్రౌజర్‌లో పేజీ చదువుతుంటే సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. కారణం, ఫుల్ లోడ్‌లో స్పీడు తక్కువ. ఒక్క కోర్ మీద తేలికపాటి పని పడ్డప్పుడు స్పీడు ఆకాశానికెళ్తుంది, తగ్గించిన వోల్టేజీ చాలదు. అందుకే కోర్‌సైక్లర్‌ని (ఒక్కో కోర్‌ని విడిగా పరీక్షించే ప్రోగ్రామ్) రాత్రంతా నడపండి, ఏ కోర్ తప్పిందో అదే చెబుతుంది. ఆ ఒక్క కోర్‌కే నెగటివ్ తగ్గించండి. సాధారణంగా ఎక్కువ బూస్ట్ అయ్యే మంచి కోర్లే ముందు తప్పుతాయి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా లాగర్ (హార్డ్‌వేర్ తప్పుల నమోదు) ఎర్రర్ ఒక్కటున్నా అది పాస్ కాదు.

పీబీఓ వాడితే వారంటీ వర్తించదని ఏఎండీ షరతుల్లోనే ఉంది, అదీ తెలిసే చేయండి.

టైమ్‌లైన్_టెక్:
అందరూ ఎడిటింగ్ సంగతి మరిచారు. 14600కెలో 20 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల లెక్క), 7600ఎక్స్‌లో 12. పైగా ఇంటెల్ గ్రాఫిక్స్‌లోని క్విక్ సింక్ (వీడియో డీకోడ్ చేసే భాగం), కెమెరాల 10 బిట్ 4:2:2 హెచ్ఈవీసీ (రంగుల వివరం ఎక్కువుండే వీడియో రకం) ఫుటేజీని బాగా లాగుతుంది. అలాంటి ఫుటేజీ రోజూ కోస్తుంటే ఇంటెల్‌కే వెళ్లండి, 14600కేఎఫ్ మాత్రం కొనొద్దు, దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు. అప్పుడు ఓవర్‌క్లాకింగ్ మోజు పక్కనపెట్టి, బీ760తోనే పవర్ లిమిట్ 125 వాట్లకి కట్టేసుకుంటే చాలు. కానీ విండోస్ ఎక్కించే ముందే బయాస్ అప్‌డేట్ చేయండి: మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) 0ఎక్స్12బీ గానీ, ఆ తర్వాతది గానీ ఉండాలి. 13, 14 తరాల చిప్‌లు అధిక వోల్టేజీతో అరిగిపోయే సమస్యకి 2024లో వచ్చిన మందు అది. అప్పటికే చెడిన చిప్‌ని ఇది బాగుచేయదు, కాబట్టి ఆ తరాల్లో సెకండ్ హ్యాండ్ వద్దే వద్దు. అప్‌డేట్ యూపీఎస్ మీద పెట్టి చేయండి, మధ్యలో కరెంటు పోతే బోర్డు పట్టుకుని సర్వీస్ సెంటర్ చుట్టూ తిరగాలి.

మౌలాలి_7:
నా ఫుటేజీ అంతా ఫోన్‌దే. 7600ఎక్స్ అనుకుంటున్నా. గదిలో నీళ్ల కూలర్ ఉంది, దాని గాలి కేబినెట్‌కి తగిలితే తేమ పట్టదా?

కర్వ్_రాజా:
హీట్‌సింక్ ఎప్పుడూ గది గాలి కంటే వేడిగానే ఉంటుంది కాబట్టి దానిమీద చెమ్మ పట్టదు. భయం తుంపర్లతోనే. బోరు నీళ్లయితే ఆ తుంపర్లు ఆరి రెక్కల మీద తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, కాబట్టి కూలర్ మూతి కేబినెట్ వైపు తిప్పొద్దు. మేలో పొడిగాలికి బాగా పనిచేస్తుంది, జులైలో ఆశ పెట్టుకోకండి.

ఇంకోటి. కర్వ్ టెస్ట్ ఎండాకాలంలో పాసైందని వదిలేయకండి. చల్లగా ఉంటే ఇదే ప్రాసెసర్ ఇంకా పైకి బూస్ట్ అవుతుంది. మేలో నిలబడ్డ నెగటివ్ 20 డిసెంబరు పొద్దున్నే తప్పొచ్చు. అప్పుడు కోర్‌సైక్లర్ మళ్లీ ఒక రాత్రి నడపండి.