గంటకోసారి 401 ఎర్రర్ వచ్చి షీట్ ఆగిపోతోంది, టోకెన్ గడువు పెంచుకోవచ్చా?

ప్రశ్న (కావలి నుంచి):
అన్నా, మాకు కావలి దగ్గర రొయ్యల చెరువులున్నాయి. నీళ్లలో ఆక్సిజన్ చూసే సెన్సర్ పెట్టి, పది నిమిషాలకోసారి ఆ రీడింగ్ గూగుల్ షీట్‌లో పడేలా పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాశాను. ఓఆథ్ ప్లేగ్రౌండ్‌లో (టోకెన్లు పరీక్షించుకోడానికి గూగుల్ వాళ్లు పెట్టిన పేజీ) లాగిన్ అయి తెచ్చుకున్న యాక్సెస్ టోకెన్ (షీట్‌లో రాయడానికి చూపించే పాస్ లాంటిది) స్క్రిప్ట్‌లోనే పెట్టేశా. పెట్టిన గంటకల్లా 401 వచ్చి ఆగిపోతోంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే, సరిగ్గా ఆ టైముకే షీట్ ఖాళీగా ఉంటోంది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఎప్పుడు వేయాలో తెలీక నాన్న రాత్రంతా గట్టు మీదే ఉంటున్నాడు. టోకెన్ ఎక్కువసేపు పనిచేసే సెట్టింగ్ ఏదన్నా ఉందా? స్క్రీన్‌షాట్ పెట్టాను.

జవాబు (ఒంగోలు నుంచి):
ముందు ఆ స్క్రీన్‌షాట్ తీసెయ్ తమ్ముడూ, అందులో రిఫ్రెష్ టోకెన్ (కొత్త యాక్సెస్ టోకెన్ తెచ్చిపెట్టేది) కూడా మొత్తం కనపడుతోంది. ఇవి బేరర్ టోకెన్లు, ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పెత్తనం, నువ్వెవరని సర్వర్ మళ్లీ అడగదు. గూగుల్ అకౌంట్ సెక్యూరిటీ పేజీకి పోయి ప్లేగ్రౌండ్‌కి ఇచ్చిన అనుమతి ఇప్పుడే రద్దు చెయ్.

ఇక నీ ప్రశ్న. గడువు పెంచే సెట్టింగ్ లేదు. టోకెన్‌తో పాటు వచ్చిన జవాబులో ఎక్స్‌పైర్స్ ఇన్ అని ఉంటుంది చూడు, అక్కడ 3600కి దగ్గరగా ఒక అంకె కనిపిస్తుంది, అవి సెకండ్లు. ఎవరి చేతికన్నా చిక్కినా గంటకు మించి పనికిరాకూడదనే అలా పెట్టారు. గడువు తీరాక రిఫ్రెష్ టోకెన్ ఇచ్చి కొత్తది తెచ్చుకోవాలి, కానీ ప్లేగ్రౌండ్ సొంత ఐడీతో తీసుకున్న రిఫ్రెష్ టోకెన్ 24 గంటల్లో రద్దయిపోతుంది. పోనీ సొంతంగా యాప్ రిజిస్టర్ చేద్దామంటే, అది టెస్టింగ్ స్టేటస్‌లో ఉన్నంతకాలం షీట్స్ లాంటి వాటికి ఇచ్చే రిఫ్రెష్ టోకెన్ 7 రోజులే.

చెరువు గట్టున మనిషి లేకుండా నడిచే పనికి సర్వీస్ అకౌంట్ (మనిషికి కాకుండా ప్రోగ్రామ్‌కి ఇచ్చే గూగుల్ అకౌంట్) తీసుకోవడమే మేలు. క్లౌడ్ కన్సోల్‌లో ఒకటి క్రియేట్ చేసి, షీట్స్ ఏపీఐ (ప్రోగ్రాములు షీట్‌తో మాట్లాడే దారి) ఆన్ చేసి, జేసన్ కీ ఫైల్ (ఆ అకౌంట్ తాళంచెవి ఉండే ఫైల్) దించుకో. గూగుల్ వాళ్ల పైథాన్ లైబ్రరీకి ఆ ఫైల్, షీట్స్ స్కోప్ (ఏమేం చేయొచ్చో చెప్పే అనుమతి) ఇచ్చావంటే, గంటగంటకీ కొత్త టోకెన్ తెచ్చుకుని ఆథరైజేషన్ హెడర్‌లో పెట్టే పని అదే చూసుకుంటుంది, నువ్వు టోకెన్ ముట్టుకోనక్కర్లేదు.

ప్రశ్న:
చేశానన్నా, 401 పోయింది. ఇప్పుడు 403 అంటోంది, మళ్లీ టోకెన్ తేవాలా?

జవాబు:
వద్దు. 401 అంటే టోకెన్ చెల్లలేదని. 403 అంటే మనిషిని గుర్తుపట్టింది గానీ ఆ పనికి నీకు అనుమతి లేదని, ఎన్ని టోకెన్లు మార్చినా అదే వస్తుంది. కీ ఫైల్ తెరిస్తే క్లయింట్ ఈమెయిల్ అని పొడుగాటి అడ్రసు ఉంటుంది, దానికి నీ షీట్ ఎడిటర్‌గా షేర్ చెయ్. అప్పటికీ 403 వస్తే స్కోప్ రీడ్ఓన్లీ (చదవడానికి మాత్రమే) ఇచ్చావేమో చూసుకో.

ఇంకోటి, ఆ కీ ఫైల్‌కి గంట గడువు లాంటిదేం లేదు, కాబట్టి గిట్‌హబ్‌లోకి గానీ వాట్సాప్‌లోకి గానీ పోనివ్వొద్దు. రేపు మళ్లీ ఎర్రర్ వస్తే ఎర్రర్ మెసేజ్ టైప్ చేసి పెట్టు, స్క్రీన్‌షాట్ వద్దు.