తమ్ముడికి అద్దె ఇల్లు దొరకడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న (అనంతపురం): స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు మందులు వాడుతున్న మా తమ్ముడు ఏడాదిగా నిలకడగానే ఉన్నాడు. అయినా మందుల చీటీ కంటబడినప్పటి నుంచి ఇంటి యజమాని ఖాళీ చేయమంటున్నారు. మళ్ళీ ఆసుపత్రిలో చేర్పించమని బంధువులు సలహా ఇస్తున్నారు. అది సబబేనా?

జవాబు (కడప): సబబు కాదండీ. కుటుంబం లేదనో, ఇంట్లోవాళ్ళు ఆదరించలేదనో, ఉండడానికి ఇల్లు లేదనో ఎవరినీ ఆసుపత్రిలోనే కొనసాగించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. హాఫ్‌వే హోంలు (ఆసుపత్రి నుంచి వచ్చాక సొంతంగా బతకడానికి అలవాటుపడే చోట్లు), గ్రూప్ హోంల (కొందరు కలిసి తోడ్పాటుతో ఉండే ఇళ్ళ) వంటివి ఏర్పాటు చేయవలసిన బాధ్యతను కూడా అది ప్రభుత్వం మీదే పెట్టింది. చట్టంలో చదివినంత సులువుగా అవి దొరకవనుకోండి. యజమాని ఒత్తిడి చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. అదే చట్టం 27వ సెక్షన్ ప్రకారం మీ తమ్ముడికి న్యాయ సహాయం ఉచితం.

జవాబు (కర్నూలు): మా అక్కకు బైపోలార్, అంటే మనసు కొన్నాళ్ళు అతిగా ఉప్పొంగి, కొన్నాళ్ళు కుంగిపోయే జబ్బు. బస్టాండు పక్కన ఉన్నన్నాళ్ళూ రాత్రిళ్ళు ఆ రొదకు నిద్ర పట్టక, జబ్బు తిరగబెట్టేది. ఇల్లు మారాక, తన గదికి తానే గడియ వేసుకునే వీలు కలిగాక, వంట కూడా మొదలుపెట్టింది. అందుకని అద్దె నాలుగు రూపాయలు ఎక్కువైనా నిశ్శబ్దంగా ఉండే వీధే చూడండి. మీకే గుబులుగా ఉన్నప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న అడిగినవారు: సోమవారం న్యాయ సేవాధికార సంస్థకు వెళ్తాను. వీధి రొద సంగతి నాకు తట్టనే లేదు.