పర్యావరణం కోసం పనిచేసే యువత వార్డు సభ్యత్వానికి పోటీ చేయవచ్చా? అనుభవజ్ఞులు చెప్పగలరు

చెరువుగట్టు:
రంగారెడ్డి జిల్లాలోని మా ఊళ్లో చెరువు శిఖం (నీరు నిలిచే చెరువు భూమి) ఆక్రమణల మీద, నాటి వదిలేసిన మొక్కల మీద మేము కొందరం కొంతకాలంగా పనిచేస్తున్నాము. నాకు 22 ఏళ్లు నిండాయి కనుక వార్డు సభ్యురాలిగా నిలబడమని ఊరివాళ్లు అంటున్నారు. ఏదో ఒక పార్టీ అండ లేకుండా గెలవడం కష్టం, అండ తీసుకుంటే రేపు ఆ పార్టీవాళ్ల ఆక్రమణను ఎత్తిచూపడం అంతకన్నా కష్టం. ఈ దారిలో నడిచినవారు ఏమంటారు?

మాజీ వార్డు మెంబరు:
నిలబడమ్మా. 21 ఏళ్లు నిండితే చాలు. అయితే చెక్కుల మీద సంతకాలు సర్పంచ్, ఉపసర్పంచ్‌లవి. మీ చేతిలో ఉండేది తీర్మానం మాత్రమే. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018 ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి, నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలి. మా పంచాయతీలో ఆ పద్దు చాలావరకు ట్యాంకరు డీజిలుకే సరిపోయేది. రోడ్డు పక్కన ట్రీ గార్డు ఉండేది, అందులో ఎండుపుల్ల ఉండేది, రిజిస్టరులో మాత్రం మొక్క పచ్చగానే ఉండేది. ఆ ఫొటోలను సమావేశంలో చూపించిన తర్వాతే వాటి స్థానంలో వేప, కానుగ నాటాలని తీర్మానం రాయించగలిగాను. తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీ మీద సంతకం అడిగితే మాత్రం పెట్టకండి. "తర్వాత రాసుకుంటాంలే" అన్న మాట మీరూ వింటారు.

బీల ఒడ్డు:
మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు. బీల అనే చిత్తడి నేలల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న పోరాటంలో 2010 జూలై 14న పోలీసు కాల్పులకు ప్రాణాలు పోయాయి. పర్యావరణ అనుమతి రద్దయినదీ ఆ రోజునే. అది చూసి పెరిగినవాణ్ణి కనుక నేను పదవి కన్నా ప్రజాభిప్రాయ సేకరణ సభకే ఎక్కువ విలువ ఇస్తాను. ప్రాజెక్టుకు అనుమతి ఇచ్చే ముందు జరిపే ఈ సభకు, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి, సభను వీడియో తీయాలి, చివర్లో అభిప్రాయాల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలి. నేను వెళ్లిన ఒక సభలో ముందు వరుసలన్నీ పొద్దున్నే లారీల్లో దిగినవారితో నిండిపోయాయి, మైకు మా దాకా రాలేదు. అప్పటి నుంచి అభ్యంతరాలను ముందే రాతపూర్వకంగా ఇచ్చి, రెండో ప్రతి మీద కార్యాలయం ముద్ర వేయించుకుంటున్నాము.

గచ్చిబౌలి విద్యార్థి:
హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దగ్గరి కంచ గచ్చిబౌలి 400 ఎకరాల విషయంలో మా చేతిలో ఏ పదవీ లేదు. విద్యార్థులు తీసిన వీడియోలు ఊరూరా తిరిగాయి, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. కానీ అది నగరం, కెమెరాలు ఉన్న చోటు. పల్లె చెరువుకు అంత అదృష్టం ఉండదు కనుక నేను మెంబరు గారి పక్షమే.

చెరువుగట్టు:
పార్టీ అండ సంగతి ఎవరూ చెప్పలేదు.

మాజీ వార్డు మెంబరు:
పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు కదా, కనీసం కాగితం మీద. నేను కరపత్రాల ఖర్చు కూడా వార్డులోనే చందా వేయించుకున్నాను, అందువల్ల తర్వాత నన్ను అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు. ఇక గెలిచేదాకా ఆగనవసరం లేదు. గ్రామసభలో ఊరి ఓటర్లందరూ సభ్యులే, అది రెండు నెలలకోసారి జరగాలి. శిఖానికి రెవెన్యూ, నీటిపారుదల శాఖలు కలిసి సర్వే చేసి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే మట్టం) హద్దురాళ్లు పాతాలని అక్కడే తీర్మానం కోరండి.

చెరువుగట్టు:
వచ్చే సభలోనే కోరతాను. అలాంటి తీర్మానం నకలు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి ఇక్కడ పెట్టండి; సర్వే నంబర్లు ఎలా రాయాలో చూసుకోవాలి.