ఎండలో ఆగిపోతున్న పాత ఎంజీబీ కారు: లోపం పెట్రోలుదా, స్పార్కుదా?

హైదరాబాదులో మా నాన్నగారు ఎంతో ప్రేమగా కాపాడుకున్న 1971 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉదయం చక్కగా నడుస్తున్నప్పటికీ, మధ్యాహ్నపు ఎండలో పంజాగుట్ట రద్దీలో చిక్కుకుంటే ఇంజను ఆగిపోయి, చల్లబడేవరకు మళ్లీ స్టార్టు కావడం లేదు. పెట్రోలును గాలితో కలిపే రెండు ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లూ, వేడి పొగను బయటికి పంపే ఎగ్జాస్టు మానిఫోల్డూ ఇంజనుకు ఒకే పక్కన ఉన్నందువల్ల ఆ వేడికి పెట్రోలు ఆవిరవుతోందని మా మెకానిక్ గారి అభిప్రాయం. అయితే స్పార్కును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటరులోని కండెన్సరు (స్పార్కు సరిగా రావడానికి తోడ్పడే చిన్న భాగం) వేడికి పనిచేయడం మానేసినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కనుక, చక్కగా కుదిరిన కార్బురేటర్లను విప్పించడానికి నాకు మనసొప్పడం లేదు. కార్బురేటర్లకు ఎగ్జాస్టు వేడి తగలకుండా అడ్డుండే హీట్ షీల్డు ఉంది. ఇగ్నిషన్ ఆన్ చేయగానే పెట్రోలు పంపు టిక్‌టిక్‌మని కొట్టుకుని ఆగుతోంది, కాబట్టి అది పనిచేస్తున్నట్టే ఉంది. బండి ఆగిన వెంటనే, రోడ్డు పక్కనే ఏ పరీక్షలు, ఏ వరుసలో చేస్తే అసలు కారణం తేలుతుందో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరా?