ఆధారాలు లేవని రొయ్యల రైతుల ఉమ్మడి కేసు కొట్టేశారు. ఇది న్యాయమేనా?

అల్లూరు రైతు:
43 మంది రైతుల తరఫున ముగ్గురం కలిసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేసిన కేసు పోయిన వారం కొట్టేశారు. ఒక ప్రొబయోటిక్ (మేలు చేసే సూక్ష్మజీవుల మందు) కంపెనీ గోడల మీద, వాట్సాప్ వీడియోల్లో 'ఈహెచ్‌పికి గ్యారంటీ మందు' అని ప్రచారం చేసింది. ఈహెచ్‌పి అంటే రొయ్యని ఎదగనివ్వని జబ్బు. నమ్మి అందరం వాడాం. నా గుంటలో రొయ్య 100 కౌంటు (కిలోకి 100 తూగే చిన్న సైజు) దగ్గరే ఆగిపోయింది. కమిషన్ ఏమందంటే, బిల్లులు తొమ్మిది మందికే ఉన్నాయట, ల్యాబ్ రిపోర్టులు ఇద్దరివేనట, అందరి నష్టానికీ కారణం ఒకటేనని మేం చూపలేదట. అబద్ధం చెప్పి అమ్మినవాణ్ణి వదిలేసి, మోసపోయినవాణ్ణి కాగితాలు అడగడం ఏం న్యాయం?

సింగరాయకొండ తీరం:
కొట్టేయడమే సరైంది అన్నా. ఈహెచ్‌పిని నయం చేసే మందు ఇంతవరకూ లేదు, కాబట్టి ప్రకటన అబద్ధమేనని నేనూ ఒప్పుకుంటా. కానీ 43 గుంటల్లోనూ ఉన్నది ఈహెచ్‌పియేనని ఎట్టా తెలుసు? పీసీఆర్ పరీక్ష చేయించింది ఇద్దరే. మిగతా చోట్ల సీడ్ (రొయ్య పిల్ల) బాగాలేకపోయి ఉండొచ్చు, గుంట అడుగు చెడిపోయి ఉండొచ్చు, ఆక్సిజన్ పడిపోయి ఉండొచ్చు. బిల్లు లేదు, రిపోర్టు లేదు. ఏం చూసి డబ్బు ఇప్పించాలి?

కావలి కుర్రోడు:
గోడ మీద రాసింది ఫొటో తీసి పెడితే చాలదా?

సింగరాయకొండ తీరం:
చాలదు. ప్రకటన ఉందని మాత్రమే ఫొటో చెప్తుంది. మనం కొన్నామని బిల్లే చెప్పాలి.

కొత్తపట్నం:
అసలు రొయ్యల సాగు వ్యాపారం కదా, మనం వినియోగదారుల కిందికి వస్తామా?

ఒంగోలు వకీలు:
బతుకుతెరువు కోసం సొంతంగా చేసుకునే సాగయితే వస్తారు. ఇక్కడ చిక్కు అది కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 35(1)(సి) కింద ఒకరిద్దరు అందరి తరఫునా కేసు వేయొచ్చు, కానీ కమిషన్ అనుమతి కావాలి, అందరిదీ ఒకే ప్రయోజనమని చూపాలి. 2021 డిసెంబర్‌లో బ్రిగేడ్ అనే బిల్డర్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బెంగళూరులో 1,134 ఫ్లాట్ల సముదాయం అది. 51 ఫ్లాట్లు కొన్న 91 మంది అందరి తరఫునా వేస్తే, అందరి కేసుగా ఒప్పుకోలేదు, ఆ 91 మంది ఉమ్మడి ఫిర్యాదుగా మాత్రం నడవనిచ్చింది. మ్యాగీ నూడుల్స్ మీద 2015లో వినియోగదారులందరి తరఫునా కేంద్ర ప్రభుత్వమే 640 కోట్లు అడుగుతూ జాతీయ కమిషన్‌కి వెళ్ళింది. 2024 ఏప్రిల్‌లో అదీ కొట్టేశారు.

అల్లూరు రైతు:
బిల్లు బిల్లు అంటున్నారు. మా దగ్గర మందులూ మేతా డబ్బు పెట్టి కొనేవాళ్ళు ఎంతమంది? షాపులో అప్పు మీద తెచ్చుకుంటాం, రొయ్యల పట్టుబడి అయ్యాక లెక్క చూసుకుంటాం. డీలర్ తన నోటు పుస్తకంలో రాసుకుంటాడు. బిల్లు అడిగితే 'డబ్బు కట్టి తీసుకుపో' అంటాడు. ఆ తొమ్మిది మందీ డబ్బు ఉన్నవాళ్ళు. మిగతా 34 మందికి బిల్లు ఎక్కణ్ణుంచి తేవాలి?

సింగరాయకొండ తీరం:
అప్పు తెచ్చినా బిల్లు అడగొచ్చు.

అల్లూరు రైతు:
అడిగి చూశారా ఎప్పుడైనా?

సింగరాయకొండ తీరం:
ప్రతిసారీ అడుగుతా.

విడవలూరు:
జీఎస్టీ కట్టాల్సి వస్తుందనే బిల్లు ఇవ్వరు. మా దగ్గరా ఇంతే.

అల్లూరు రైతు:
మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో నాకు అర్థమైంది. గుంట గట్టు మీద ఒక్క రాత్రి నిద్రలేకుండా ఉన్నవాడు ఇట్టా మాట్లాడడు. కంపెనీ మనిషయితే ఆ మాట చెప్పండి.

సింగరాయకొండ తీరం:
నాకు రెండు గుంటలు ఉన్నాయి. నాలుగేళ్ళ కిందట మేత బస్తా మీద రాసిన ప్రొటీన్ శాతం అబద్ధమని తేలింది. నా దగ్గర ప్రతి బిల్లూ ఉంది, బస్తా దాచాను, ల్యాబ్ రిపోర్టు ఉంది. మా మేనత్త కొడుకు వచ్చి 'అందరం కలిసి వేద్దాం, బలం ఉంటుంది' అన్నాడు. 60 మందిలో నా కాగితాలూ కలిపారు. మిగతావాళ్ళ దగ్గర ఏమీ లేదని మొత్తం కొట్టేశారు. అప్పటికి ఫిర్యాదుకు ఉన్న రెండేళ్ళ గడువు దాటిపోయింది. ఒక్కణ్ణే పోయి ఉంటే గెలిచేవాణ్ణి. ఆ పంటకు చేసిన అప్పు ఈ రోజుకీ కడుతున్నా. చేతిలో ఏమీ లేకుండా గుంపును వెంటబెట్టుకుని పోయేవాళ్ళంటే నాకు కోపం. కంపెనీ మీద ప్రేమ కాదు.

కావలి కుర్రోడు:
అయ్యో అన్నా.

ఒంగోలు వకీలు:
ఆలస్యానికి తగిన కారణం ఉంటే సెక్షన్ 69 కింద మన్నించమని అడగొచ్చు, ఎవరైనా చూశారా? అల్లూరు అన్నా, మిమ్మల్నీ ఒకటి అడుగుతా. పత్రాలు తెప్పించే అధికారం కమిషన్‌కి ఉంది. డీలర్ నోటు పుస్తకం తెప్పించమని పిటిషన్ వేశారా? ఆ 34 మంది కొన్నది దాంట్లోనే ఉంటుంది కదా.

అల్లూరు రైతు:
వేయలేదు.

సింగరాయకొండ తీరం:
ఎందుకని?

అల్లూరు రైతు:
మా వకీలు వేద్దామన్నాడు. నేనే వద్దన్నా. డీలర్‌ని కేసులోకి లాగితే వచ్చే పంటకు మేత ఇవ్వడు. సీడ్ వదిలే రోజులు, ఆ 34 మందీ మా ఇంటికొచ్చి చేతులు పట్టుకున్నారు. కాగితం కావాలా, పంట కావాలా అంటే పంటే అన్నారు. వాళ్ళని కాదనలేకపోయా.

సింగరాయకొండ తీరం:
అంటే ఆధారం ఎక్కడుందో తెలిసీ తెప్పించలేదు. ఈ మాట ఆ తొమ్మిది మందికి చెప్పారా?

అల్లూరు రైతు:
చెప్పలేదు.

సింగరాయకొండ తీరం:
నాకూ ఎవరూ చెప్పలేదు. నా బాధ అంతా అదే.

ఒంగోలు వకీలు:
తీర్పు రోజు నుంచి 45 రోజుల్లోపు రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు వెళ్ళొచ్చు. తొమ్మిది మందిదైనా ఉమ్మడి ఫిర్యాదుగా నడవనివ్వమని బ్రిగేడ్ తీర్పు చూపించి అడగండి. ప్రకటన మీద విడిగా కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు రాయండి. దానికి మీ బిల్లులు అక్కర్లేదు. మొదటిసారి 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. కాకపోతే ఆ డబ్బు రైతుకి రాదు.

అల్లూరు రైతు:
తీర్పు వచ్చి ఎనిమిది రోజులైంది. ఆదివారం తొమ్మిది మందినీ గుడి దగ్గరికి పిలుస్తా. నోటు పుస్తకం సంగతి నేనే చెప్తా. వాళ్ళు విడిగా పోతామంటే వాళ్ళ కాగితాలు వాళ్ళ చేతికే ఇచ్చేస్తా.

సింగరాయకొండ తీరం:
జిరాక్సులు కాదు అన్నా, ఒరిజినల్స్ ఇవ్వండి. నావి ఇంకా మా మేనత్త కొడుకు దగ్గరే ఉన్నాయి.