మయోమెక్టమీ అయ్యాక మళ్లీ ఫైబ్రాయిడ్లు: ఎంబోలైజేషన్ చేయించుకోవచ్చా?

ప్రశ్న (మలక్‌పేట): మా అక్కకి 43 ఏళ్లు. మొదట సిజేరియన్, 2018లో పొట్ట కోసి ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే గడ్డలు) తీశారు, దాన్నే మయోమెక్టమీ అన్నారు. మళ్లీ వచ్చాయి. నెలసరి వస్తే వారం పైనే బ్లీడింగ్, హిమోగ్లోబిన్ 8.2. గర్భసంచి తీసేద్దాం అంటున్నారు డాక్టరమ్మ. అక్కకి ఇష్టం లేదు. ఇక పిల్లలు వద్దు. రెండుసార్లు కోసిన గర్భసంచికి ఎంబోలైజేషన్ పనికిరాదని బంధువులొకరు అన్నారు, నిజమేనా?

జవాబు (రేడియాలజీ విభాగంలో పనిచేస్తాను): కోతలున్నంత మాత్రాన పనికిరాదనేం లేదండీ. ఒకసారి పొట్ట తెరిచాక పేగులు, మూత్రాశయం గర్భసంచికి అంటుకుపోయి ఉండొచ్చు. మళ్లీ ఆపరేషన్ చేయడం కష్టమయ్యేది అందుకే. ఎంబోలైజేషన్‌లో ఆ జోలికే వెళ్లరు. గజ్జల్లోనో మణికట్టులోనో రక్తనాళం నుంచి సన్నని గొట్టం పంపి, గర్భసంచికి రెండువైపులా వచ్చే ధమనుల్లోకి ఇసుక రేణువుల్లాంటి కణాలు వదులుతారు. రక్తం అందక గడ్డలు కొన్ని నెలల్లో కుంచించుకుపోతాయి. పారిస్ డాక్టర్లు 1995లోనే దీని ఫలితాలు ప్రచురించారు, కొత్త ప్రయోగమేం కాదు.

మీ అక్క విషయంలో తెలుసుకోవాల్సింది వేరే ఉంది. ఆ రెండు ఆపరేషన్లలో ఎప్పుడైనా రక్తస్రావం ఆపడానికి గర్భాశయ ధమనులు కట్టేశారా? కట్టేసి ఉంటే గొట్టానికి దారి దొరకకపోవచ్చు. గడ్డలకు అండాశయ ధమని నుంచి కూడా రక్తం అందుతుండొచ్చు. అది గమనించకపోతే ఫలితం అరకొరే. డిశ్చార్జి సమ్మరీలో ఇవన్నీ రాయరు, ఆపరేషన్ నోట్స్ సంపాదించండి.

మలక్‌పేట: సమ్మరీ ఒక్కటే ఉందండీ. ఇన్నేళ్లకి ఆ నోట్స్ ఇస్తారా? నొప్పి బాగా ఉంటుందా?

రేడియాలజీ: రికార్డులు 3 ఏళ్లు దాచాలని, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన. గడువు దాటినా రాతపూర్వకంగా అడిగి చూడండి, చాలాచోట్ల పారేయరు. దొరక్కపోయినా కాంట్రాస్టు (రక్తనాళాలు కనిపించేలా ఎక్కించే మందు)తో ఎమ్మారై, ప్రొసీజర్‌కి ముందు తీసే యాంజియోగ్రామ్ (రక్తనాళాల ఎక్స్‌రే) చాలావరకు చెప్పేస్తాయి. క్యాన్సర్ అనుమానం ఏమైనా ఉందా అన్నదీ ఎమ్మారైలో చూస్తారు. ఈ వయసులో ఇంత బ్లీడింగ్ ఉంటే గర్భసంచి లోపలి పొర బయాప్సీ గురించి డాక్టరమ్మని ముందే అడగండి, ఇది వదిలేయకండి. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష ఎలాగూ చేయిస్తారు.

నొప్పి మొదటి రోజు గట్టిగానే ఉంటుంది, అందుకే ఆసుపత్రిలో ఉంచి మందులిస్తారు. కొద్దిపాటి జ్వరం, వాంతులు మామూలే. జ్వరం తగ్గకుండా పెరిగినా, యోని నుంచి దుర్వాసనతో స్రావం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి.

కూకట్‌పల్లి నుంచి: సిజేరియన్ తర్వాత నేను ఈ ఎంబోలైజేషన్ చేయించుకున్నాను చెల్లీ. ఆ రాత్రి నరకమే. తర్వాత రెండు మూడు నెలసరులకి బ్లీడింగ్ దారికొచ్చింది. అయితే కొందరికి కొన్నేళ్లకి మళ్లీ చికిత్స అవసరం పడుతుంది, అది ముందే ఒప్పుకుని వెళ్లాలి. 45 దాటినవాళ్లలో కొందరికి నెలసరి పూర్తిగా ఆగిపోతుందని నాకు చెప్పారు, మీ అక్క ఆ వయసుకి దగ్గరే కదా.

రేడియాలజీ: అవును, అదీ చెప్పాలి. ఎటు తేల్చుకున్నా ఐరన్ ఇప్పుడే మొదలుపెట్టించండి, 8.2తో నెలలు గడపొద్దు. డాక్టరమ్మతో గొడవపడి రాకండి. ఈ ప్రొసీజర్ చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టుకి ఆవిడ చేతే రిఫరల్ రాయించుకోండి, తర్వాత చూసుకోవాల్సింది ఆవిడే. ప్రైవేటులో కొటేషన్ తీసుకునేటప్పుడు ఆ కణాల ఖర్చు కలిపారో లేదో అడగండి. ఆరోగ్యశ్రీ కార్డుంటే వెళ్లిన చోట ఆరోగ్యమిత్రతో ముందే మాట్లాడండి.