చిన్న కారుకు వెడల్పు టైర్లు వేయించాలా, వద్దా?

వానచినుకు:
నా హ్యాచ్‌బ్యాక్‌కి కంపెనీ ఇచ్చిన 165/80 ఆర్14 టైర్లు (వెడల్పు 165 మి.మీ., సైడ్‌వాల్ అంటే టైరు పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు) 45 వేల కిలోమీటర్లు తిరిగి బాగా అరిగిపోయాయి. షాపులో 185/70 ఆర్14 వేయించుకోమంటున్నారు, రిమ్ము మార్చక్కర్లేదట. మా ఫ్రెండ్ ఒకడు ఏకంగా అలాయ్‌లతో 195/65 ఆర్15కి వెళ్లమంటాడు. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి ఇది. పోయిన నెల వానలో బ్రేక్ వేస్తే జారి, ముందున్న బండికి జానెడు దూరంలో ఆగింది. అప్పట్నుంచీ టెన్షన్‌గానే ఉంది. వెడల్పు పెంచితే నిజంగా గ్రిప్ పెరుగుతుందా?

లాంగ్‌డ్రైవ్:
కళ్లు మూసుకుని 185 వేయించండి. రెండేళ్లుగా నేనవే వాడుతున్నాను. ఇంతకుముందు మలుపులో బండి ఓ పక్కకి ఒరిగిపోయేది, స్టీరింగ్ తిప్పిన క్షణానికి గానీ కదిలేది కాదు. ఇప్పుడు చెప్పిన మాట వింటోంది. కంపెనీలు సన్న టైర్లు ఇచ్చేది మైలేజీ కోసం, ఖర్చు తగ్గించుకోవడం కోసం. నాకు లీటరుకి ఓ కిలోమీటరు తగ్గిన మాట నిజమే. ప్రాణం కన్నా అది ఎక్కువా?

స్పానర్:
అన్నా, మీ అనుభవాన్ని కాదనను. కానీ మీరు పోల్చింది అరిగిపోయిన 165ని కొత్త 185తో. కొత్త 165లే వేయించి ఉన్నా ఆ తేడాలో చాలా భాగం మీకు తెలిసేది.

వానచినుకు గారూ, మీ భయం వాన గురించి కాబట్టి అదే చెబుతాను. టైరు కిందికి వచ్చిన నీళ్లను గాడులు పక్కలకు తోసెయ్యాలి. తోయలేకపోతే టైరు నీటి మీద తేలుతుంది, ఇక స్టీరింగ్, బ్రేక్ ఏదీ మాట వినదు. కొత్త టైరులో గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. గాడి అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న దిమ్మెలు కనిపిస్తాయి, వాటి ఎత్తు 1.6. అరిగి అరిగి పైభాగం వాటితో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే. వానల్లో తిరిగే బండికి నేనైతే లోతు 3 మిల్లీమీటర్లకి తగ్గగానే మార్చేస్తాను. అదే లోతు, అదే గాలి ఉంటే సన్న టైరు కన్నా వెడల్పు టైరే ముందుగా తేలుతుంది, ఎందుకంటే అది తోయాల్సిన నీళ్లు ఎక్కువ. కాబట్టి మీ సమస్యకి 185 మందు కాదు.

195 సంగతి లెక్కే చెబుతుంది. 165లో 80 శాతం 132. పైన 132, కింద 132, మధ్యలో 14 అంగుళాల రిమ్ము 355.6. మొత్తం ఎత్తు 619.6 మి.మీ. 185/70 అయితే 614.6, ఒక శాతం తేడా కూడా లేదు. 195/65 ఆర్15 అయితే 634.5. అంటే పాత టైర్లతో 100 వెళ్లినప్పుడు మీటరు ఏ అంకె చూపించేదో, అదే అంకె దగ్గర ఇప్పుడు 102 దాటి వెళ్తుంటారు.

గేర్‌బాక్స్:
నా పాత బండికి 195 వేయించి తప్పు చేశాను. ఖాళీగా ఉన్నప్పుడు ఏమీ తెలియలేదు. ఐదుగురం ఎక్కి, స్టీరింగ్ చివరిదాకా తిప్పితే ముందు చక్రం లోపలి ప్లాస్టిక్‌ని గర్రున రాసుకునేది. మూడు నెలలకి సైడ్‌వాల్ మీద వేలు పెడితే తగిలేంత గీత పడింది. వేసినవాళ్లని అడిగితే సర్దుకుంటుందన్నారు. సర్దుకోలేదు, తీసేశాను.

లాంగ్‌డ్రైవ్:
195 నేనూ వద్దనే అంటాను. 185 వేరు. చాలా కార్లలో పై వేరియంట్‌కి కంపెనీయే వెడల్పు టైర్లు ఇస్తుంది. ప్రమాదమైతే ఇస్తారా? పొడి రోడ్డు మీద మలుపుల్లో పట్టు పెరగడం నా ఊహ కాదు.

స్పానర్:
పొడి రోడ్డు వరకు మీ మాటే రైటు. పై వేరియంట్ సైజు మీ బండికి కూడా ఒప్పుకుంటారా అన్నది డ్రైవర్ డోర్ తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీదో, మాన్యువల్‌లోనో ఉంటుంది. ఉంటే నిశ్చింతగా వేయించండి, లేకపోతే వద్దు. సైజు పక్కన 85టి లాంటిది రాసి ఉంటుంది. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోయగలదని, టి అంటే గంటకు 190 కి.మీ. వేగం దాకా పనికొస్తుందని. కొత్తదానికి ఈ రెండూ కంపెనీ చెప్పినదాని కన్నా తగ్గకూడదు.

షాపుకి వెళ్లేముందు పాత టైరుని అరచేత్తో లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి నిమరండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలితే అలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణం, పోయినట్టు. అది సరిచేయకపోతే ఎంత మంచి టైరైనా తొందరగా పాడవుతుంది.

కొత్తకారు:
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. నాలుగూ కాకుండా రెండే మారిస్తే కొత్తవి ముందు వేయాలా, వెనకా?

లాంగ్‌డ్రైవ్:
ముందే. బండిని లాగేవి అవే, బ్రేక్ భారం ఎక్కువగా పడేదీ వాటి మీదే.

స్పానర్:
ఇక్కడ మాత్రం నేను తగ్గను. కొత్త జత వెనక్కే. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే యాక్సిలరేటర్ వదిలితే చాలాసార్లు బండి దారికి వస్తుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, మామూలు డ్రైవరు దాన్ని పట్టుకోలేడు. పెద్ద టైరు కంపెనీలు చెప్పేదీ ఇదే.

లాంగ్‌డ్రైవ్:
నా మనసైతే ఒప్పట్లేదు. ముందు చక్రాలు అరిగి ఉంటే ఆగే దూరం పెరగదా?

స్పానర్:
కొంత పెరగొచ్చు. అందుకే అంత అరిగేదాకా ఉంచొద్దంటున్నాను.

వానచినుకు:
పొద్దున్నే వెళ్లి నిమిరి చూశాను. ముందు ఎడమ టైరు అచ్చం రంపమే. గాలి 33 ఉండాల్సిన చోట 26 ఉంది. ఇన్నాళ్లూ పిల్లల్ని ఈ టైర్ల మీదే తిప్పానా అని గుండె ఝల్లుమంది. స్టిక్కర్ మీదా, మాన్యువల్‌లోనూ 165 తప్ప వేరే సైజు లేదు, కాబట్టి నాలుగూ అవే. షాపులో మొదట చూపించిన సెట్టు సైడ్‌వాల్ మీద తయారీ అంకెలు 1421 అని ఉన్నాయి, అంటే 2021లో 14వ వారం. అంత పాతవి వద్దు, కొత్త స్టాకు తెప్పించమన్నాను. శనివారం వేయిస్తున్నాను, అలైన్‌మెంట్‌తో సహా.